తొడల దగ్గర ఆగిపోయిన స్కాన్: ఒక కేస్ స్టడీ

రేడియోధార్మిక మందులిచ్చి స్కాన్లు తీసే మా న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వచ్చే రిక్వెస్ట్ ఫారాల్లో చాలావాటిలో ఒక్క వాక్యమే ఉంటుంది. ఈ కేసులోనూ అంతే: "గాలియం డోటాటేట్ పెట్ రిపీట్ చేయండి, మొదటిది నెగటివ్." ఒంట్లో కొన్ని రకాల కణితుల్ని వెతికే స్కాన్ అది. ఆ వాక్యం వెనక కొన్నేళ్ల నొప్పి, ఫైల్ నిండా రిపోర్టులు ఉన్నాయి. అవన్నీ చదివాక నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. దారిలో జరిగిన ఏ స్కానూ తప్పుగా జరగలేదు. ఏది అడిగితే దానికి అది సరిగ్గానే జవాబు చెప్పింది. అయినా కణితి దొరకలేదు. అందుకే ఈ కేసు రాస్తున్నాను. పేషెంట్‌ను గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

నలభైల్లో ఉన్న మనిషి. అంతకుముందు చెప్పుకోదగ్గ జబ్బులేవీ లేవు. మొదట పాదాల్లో నొప్పి, తర్వాత నడుము, ఆ తర్వాత పక్కటెముకలు. కొంతకాలానికి కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించక తప్పని పరిస్థితి. మెట్లెక్కడం మానేశారు. అటూ ఇటూ ఊగుతూ నడిచేవారు. డిస్క్ సమస్య అన్నారు, వాతం అన్నారు, విటమిన్ డి తక్కువన్నారు, చివరికి టెన్షన్ వల్ల అని కూడా అన్నారు. విటమిన్ డి మాత్రలు వాడితే రక్తంలో దాని మట్టం పెరిగింది కానీ నొప్పి తగ్గలేదు.

అప్పుడు ఎవరో బోన్ స్కాన్ చేయించారు. అసలు టెన్షన్ అక్కడి నుంచి మొదలైంది.

బోన్ స్కాన్‌కు వాడే మందు టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక ఐసోటోపును ఎండీపీ అనే ఫాస్ఫేట్ జాతి పదార్థానికి జతచేసి తయారుచేస్తారు. ఐసోటోపు అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 6 గంటలు. కొత్తగా ఎముక కట్టుకుంటున్న ప్రతిచోటా ఈ మందు చేరుతుంది. దానికి కణితీ ఒకటే, విరిగిన ఎముక అతుక్కోవడమూ ఒకటే. ఈయన స్కాన్‌లో పక్కటెముకల మీద బోలెడు చుక్కలు, నడుము కింది త్రికాస్థిలో ఒకటి, తుంటి దగ్గర రెండు, ఎడమ పాదంలో ఒకటి మెరిశాయి. రిపోర్టులో "ఎముకలకు పాకిన క్యాన్సర్ కావచ్చు, మూలం వెతకండి" అని రాశారు.

ఆ స్కాన్ ఫిల్ములు తర్వాత నేనూ చూశాను. పక్కటెముకల చుక్కలు చాలావరకు ఒకదాని కింద ఒకటి వరుసలో ఉన్నాయి. క్యాన్సర్ పాకితే సాధారణంగా అంత క్రమశిక్షణ ఉండదు, ఎక్కడ పడితే అక్కడ, ఎముక పొడవునా పరుచుకుంటుంది. వరుసగా ఉంటే ముందు ఫ్రాక్చర్లు గుర్తుకు రావాలి. కానీ నడవలేని మనిషి, ఒళ్లంతా చుక్కలు, పెరిగిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకల్లో మరమ్మతు ఎక్కువైతే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఎదురుగా ఉన్నప్పుడు రిపోర్టు రాసేవారి చెయ్యి క్యాన్సర్ వైపే పోతుంది. వాళ్లను తప్పుపట్టలేను.

మూలం కోసం వేట

తర్వాతి అడుగు ఎఫ్‌డీజీ పెట్ సీటీ. మూలం తెలియని క్యాన్సర్ అనుకున్నప్పుడు అదే సహజమైన ఎంపిక. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదటిసారి మనుషులకు ఇచ్చిన ఈ మందు ఇప్పటికీ మా రంగానికి వెన్నెముక. ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు అది. అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. గ్లూకోజు ఎక్కువగా వాడుకునే కణం దాన్ని లోపలికి లాక్కుంటుంది, హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ తర్వాతి మెట్టు దాటలేక మందు లోపలే ఉండిపోతుంది. ఫ్లోరిన్ నుంచి వెలువడిన పాజిట్రాన్ అనే కణం ఒంట్లోని ఎలక్ట్రాన్‌ను ఢీకొని రెండు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలుగా ఎదురెదురు దిశల్లో పోతుంది. స్కానర్ పట్టుకునేది వాటిని.

ఆ స్కాన్‌లో పక్కటెముకల దగ్గర కొద్దిపాటి మెరుపు తప్ప ఇంకేమీ లేదు. ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు, ప్రోస్టేట్ అన్నీ మామూలుగా ఉన్నాయి. ఒక ఎముక నుంచి ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ కణాలు లేవు. క్యాన్సర్ లేదంటే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. పేషెంట్ మాత్రం మంచం మీదే ఉన్నారు.

దారి మళ్లించింది ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎన్నోసార్లు చేశారు, కాల్షియం ఎన్నోసార్లు చేశారు, ఫాస్ఫేట్ ఒక్కసారీ చేయలేదని గమనించారు. చాలా ల్యాబుల్లో మామూలు ప్యాకేజీలో అది ఉండదు, విడిగా అడగాలి. అడిగితే డెసిలీటరుకు 1.3 మిల్లీగ్రాములు అని వచ్చింది. పెద్దవాళ్లలో 2.5 నుంచి 4.5 దాకా ఉండాలి. కాల్షియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలే. విటమిన్ డి నిల్వ బాగానే ఉంది, కానీ మూత్రపిండం దాన్ని మార్చి తయారుచేసే చురుకైన రూపం బాగా తక్కువ. రక్తంలో ఫాస్ఫేట్ ఇంత పడిపోతే మూత్రపిండం ఒక్క చుక్క కూడా వదలకూడదు. ఈయనకు మాత్రం కుళాయి తిప్పి వదిలేసినట్టు మూత్రంలో పోతోంది.

ఇలా చేసే హార్మోను ఎఫ్‌జీఎఫ్-23. అది మూత్రపిండంలో ఫాస్ఫేట్ తిరిగి పీల్చుకోవడాన్ని ఆపుతుంది, విటమిన్ డి చురుకైన రూపంలోకి మారడాన్నీ అడ్డుకుంటుంది. మాత్రలు పనిచేయకపోవడానికి కారణం అదే. ఫాస్ఫేట్ తగ్గినప్పుడు ఈ హార్మోను కూడా అణగిపోవాలి. ఈయనకు అది ఎక్కువగా ఉంది. పుట్టుకతో వచ్చే రకమా అంటే చిన్నప్పుడు కాళ్లు వంకర లేవు, ఎత్తు బాగానే ఉంది, కుటుంబంలో ఎవరికీ లేదు. కొన్ని రకాల ఐరన్ ఇంజెక్షన్లు కూడా ఎఫ్‌జీఎఫ్-23ను పెంచుతాయి, వాటి గురించి ప్రత్యేకంగా అడిగారు. ఎప్పుడూ తీసుకోలేదు. మూత్రపిండాన్ని దెబ్బతీసే టెనోఫోవిర్ లాంటి మందులూ లేవు.

ఇక మిగిలింది ఒకటే: ఒంట్లో ఎక్కడో ఒక చిన్న కణితి ఈ హార్మోనును తయారుచేస్తోంది. కణితి వల్ల వచ్చే ఆస్టియోమలేసియా అంటారు. ఎముకలో ఖనిజం పట్టక మెత్తబడి, మామూలు బరువుకే చీలిపోతుంటుంది. 1947లో మెక్‌కాన్స్ అనే వైద్యుడు వర్ణించిన రోగి కణితి తీసేశాక కోలుకున్నా, ఆ రోజుల్లో దాన్ని విటమిన్ డికి లొంగని జబ్బుగానే చూశారు. కణితే కారణమని 1959లో ప్రాడర్ అనే మరో వైద్యుడు గుర్తించాడు. ఆ కణితి వదిలే పదార్థం ఎఫ్‌జీఎఫ్-23 అని తేలడానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది.

అంటే "ఒళ్లంతా పాకిన క్యాన్సర్" అనుకున్నది నిజానికి ఒళ్లంతా ఫ్రాక్చర్లు. కణితి ఉంది, కానీ అది ఆ చుక్కల్లో లేదు.

మొదటి డోటాటేట్ స్కాన్

ఈ జాతి కణితులు సాధారణంగా చాలా నెమ్మదిగా పెరుగుతాయి, గ్లూకోజు కోసం ఆరాటపడవు. ఎఫ్‌డీజీ కొన్నిసార్లు పట్టుకుంటుంది కానీ దాన్ని నమ్ముకోలేం. పైగా అతుక్కుంటున్న ప్రతి ఫ్రాక్చరూ దానిలో మెరిసి గందరగోళం చేస్తుంది. అయితే వీటిలో చాలావాటి ఉపరితలం మీద సొమాటోస్టాటిన్ రిసెప్టర్లు (సొమాటోస్టాటిన్ అనే హార్మోను వచ్చి అతుక్కునే చోట్లు), ముఖ్యంగా రెండో రకానివి, దండిగా ఉంటాయి. డోటాటేట్ అనే పెప్టైడ్ (ప్రోటీన్ లాంటి చిన్న గొలుసు) పోయి అతుక్కునేది ఆ రెండో రకానికే. దానికి గాలియం-68 తగిలిస్తే పెట్ స్కాన్‌లో కనిపిస్తుంది. న్యూరో ఎండోక్రైన్ కణితుల (హార్మోన్లు వదిలే కణాల నుంచి పుట్టే కణితుల) కోసం వచ్చిన మందు ఇది. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది కూడా వాటికోసమే.

ఎండోక్రైనాలజిస్టు సరైన మందే అడిగారు. స్కాన్ వేరే సెంటర్‌లో జరిగింది. రిపోర్టు: "సొమాటోస్టాటిన్ రిసెప్టర్లు ఉన్న కణితి ఎక్కడా లేదు."

ఇక్కడ దారులు మూడు. ఫాస్ఫేట్, చురుకైన విటమిన్ డి ఇస్తూ జీవితాంతం నెట్టుకురావడం ఒకటి. అది చేయొచ్చు, కానీ రోజంతా విడతలుగా మందులు మింగాలి, కడుపులో తిప్పుతుంది, మూత్రపిండాల్లో కాల్షియం పేరుకోవచ్చు, కాల్షియంను అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథులు అదుపు తప్పొచ్చు. ఎఫ్‌జీఎఫ్-23ను అడ్డుకునే బురోసుమాబ్ అనే యాంటీబాడీ ఉంది. కణితి దొరకనివాళ్లకు, తీయలేనివాళ్లకు అది మంచి ఆసరా, కానీ కణితిని అలాగే ఉంచుతుంది. రెండో దారి, కాళ్లూ చేతుల సిరల్లోంచి విడివిడిగా రక్తం తీసి ఏ వైపు హార్మోను ఎక్కువగా ఉందో చూడటం. మూడోది స్కాన్ మళ్లీ చేయడం.

మళ్లీ చేయమని మాకు ఫారం వచ్చింది. అదే మందు, అదే మనిషి, కొన్ని నెలల తేడా. ఇంకోసారి చేస్తే కొత్తగా ఏం తెలుస్తుందని మా బృందంలోనే ఒకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది. జవాబు కోసం రిపోర్టు పక్కనపెట్టి సీడీ తెరిచాను. బొమ్మలు కళ్ల కింద నుంచి మొదలై తొడల మధ్యలో ముగిశాయి.

అది ఆ సెంటర్ చేసిన తప్పు అనను. న్యూరో ఎండోక్రైన్ కణితుల కోసం చేసే స్కాన్‌కు ఆ హద్దులు మామూలే, ఆ జబ్బు ఎక్కువగా పొట్టలో, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో ఉంటుంది. వాళ్లకు వెళ్లిన ఫారంలో "న్యూరో ఎండోక్రైన్ కణితి కోసం" అనే ఉంది. ఫాస్ఫేట్ సంగతి గానీ, ఎఫ్‌జీఎఫ్-23 సంగతి గానీ ఒక్క ముక్క లేదు. వాళ్ల జవాబు వాళ్లను అడిగిన ప్రశ్నకు సరిపోయింది. కానీ ఫాస్ఫేట్ పోగొట్టే కణితులు తరచుగా దాక్కునేది కాళ్లలో, తర్వాత ముఖం, ముక్కు పక్క సైనస్‌లలో. వాటిలో కాళ్లను చాలావరకు, ముఖం పైభాగాన్ని స్కాన్ వదిలేసింది.

కాబట్టి మేం చేసేది రిపీట్ కాదు. అప్పుడు వదిలేసిన భాగాలకు ఇదే మొదటి డోటాటేట్ స్కాన్. ఈ మాట ఫైల్‌లో రాశాక అభ్యంతరం పోయింది. 150 మెగాబెకెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) మోతాదు ఇస్తే మందు వల్ల అందే రేడియేషన్ సుమారు 3 మిల్లీసీవర్టులు, సీటీది దాని పైన. నడవలేని మనిషికి జబ్బు నయమయ్యే అవకాశం ముందు అది పెద్ద లెక్క కాదు.

స్కాన్ రోజు

గాలియం-68 అర్ధాయువు 68 నిమిషాలే. దూరం నుంచి తెప్పించుకుని దాచుకునే వస్తువు కాదు. చాలాచోట్ల, మా దగ్గర కూడా, జెనరేటర్ నుంచి అప్పటికప్పుడు తీస్తారు. లోపల 271 రోజుల అర్ధాయువుతో జెర్మేనియం-68 ఉంటుంది, అది క్షీణిస్తూ గాలియంను పుట్టిస్తుంటుంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పంపి ఆ గాలియంను దించుకుని, పెప్టైడ్ ఉన్న సీసాలో కలిపి, ఆమ్లత్వం సరిచేసి, 95 డిగ్రీల దగ్గర వేడి చేస్తే డోటా అనే పంజరంలో గాలియం కుదురుకుంటుంది. ఆ తర్వాత క్వాలిటీ పరీక్ష. అతుక్కోని గాలియం ఎక్కువగా మిగిలితే అది రక్తంలోనే తిరుగుతూ బొమ్మను మసకబారుస్తుంది. మనం వెతుకుతున్నది సెంటీమీటరు సైజు కణితి అయినప్పుడు ఆ మసక చాలు దాన్ని మింగేయడానికి.

గడియారాన్ని చూసి మేం ఒక మార్పు చేశాం. మామూలుగా ముందు మొండెం, చివర్లో కాళ్లు తీస్తారు. అప్పటికి ఇచ్చిన మందులో చాలా భాగం క్షీణించిపోతుంది. ఈ కేసులో అనుమానం కాళ్ల మీదే ఎక్కువ, కాబట్టి కాళ్లే ముందు. ఒక్కో బెడ్ పొజిషన్‌కు, అంటే బెడ్ ఆగి తీసే ఒక్కో భాగానికి, మామూలు కంటే ఎక్కువ సమయం ఇచ్చాం. పాదాలు కదలకుండా ఫోమ్ దిమ్మల మధ్య పెట్టి పట్టీలు వేశాం. అవి పూర్తయ్యాక తల నుంచి తొడల దాకా. చేతులు కూడా ఫ్రేములోకి వచ్చేలా పక్కన పెట్టించాం.

మొదటి బొమ్మలు వచ్చాయి. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో ఒక చిన్న నల్లటి చుక్క. ఎడమ పాదంలో మెటాటార్సల్ (వేళ్ల వెనకుండే పొడవాటి ఎముక) మీద ఇంకొకటి, కాస్త పలుచగా.

టెక్నాలజిస్టుకు ఉత్సాహం వచ్చింది. నేను ముందు సాక్సులు తీయమన్నాను. డోటాటేట్ మూత్రంలో పోతుంది, స్కాన్‌కు ముందు అందరినీ బాత్రూంకు పంపుతాం. నిలబడటానికే కష్టపడే మనిషి అక్కడ ఒక చుక్క పాదం మీద పడితే గమనించరు, గమనించినా సిగ్గుతో చెప్పరు. స్కానర్‌కు ఆ చుక్కా కణితీ ఒకేలా కనిపిస్తాయి. సాక్సులు తీసి, రెండు పాదాలూ సబ్బుతో కడిగి, బెడ్ మీద షీట్ మార్చి ఆ ఒక్క భాగం మళ్లీ తీశాం. రెండు చుక్కలూ అలాగే ఉన్నాయి. సీటీతో కలిపి చూస్తే కుడివైపుది చర్మం మీద లేదు, అరికాలి లోతుల్లో స్నాయువు పక్కన ఉంది.

ఈలోగా పేషెంట్‌ను అడిగాను, "అరికాల్లో ఎప్పుడైనా గడ్డలాంటిది తగిలిందా?"

"అరికాలా? నా నొప్పంతా నడుములో కదా డాక్టర్ గారూ," అన్నారు. కాసేపాగి, "చెప్పు కింద రాయి ఉన్నట్టు ఎప్పట్నుంచో ఉంది. అదేం జబ్బు అనుకోలేదు."

చేత్తో నొక్కి చూస్తే లోతుగా, చెప్పలేనంత చిన్నగా ఏదో ఉన్నట్టే అనిపించింది. బొమ్మ ముందు చూడకపోయి ఉంటే అదీ అనిపించేది కాదేమో.

రెండు చుక్కల్లో ఏది?

తర్వాత పైభాగం బొమ్మలు చూశాం. పక్కటెముకలు, త్రికాస్థి, తుంటి దగ్గర లేత మెరుపులు చాలా ఉన్నాయి. అతుక్కుంటున్న ఫ్రాక్చర్ చుట్టూ చేరే కణాల్లో కూడా ఈ రిసెప్టర్లు కొన్ని ఉంటాయి, అందుకే అవి డోటాటేట్‌ను కాస్త పట్టుకుంటాయి. ప్లీహం, మూత్రపిండాలు, అడ్రినల్ గ్రంథులు, పిట్యూటరీ మామూలుగానే మెరుస్తాయి. క్లోమం తల దగ్గరి అన్సినేట్ భాగం కూడా అప్పుడప్పుడు మెరిసి కొత్తవాళ్లను భయపెడుతుంది. ఇవన్నీ పక్కకు తీసేస్తే మిగిలింది పాదాల్లోని రెండు.

ఎడమవైపు చుక్క ఎముక మీద ఉంది, సీటీలో అక్కడ పగులు గీత, చుట్టూ కొత్త ఎముక. పాత బోన్ స్కాన్‌లో కూడా సరిగ్గా అక్కడే మెరుపు. మిగతా ఫ్రాక్చర్లకు ఎంత తీవ్రత ఉందో దీనికీ అంతే. కుడివైపు చుక్క మెత్తటి కండలో ఉంది, పాత బోన్ స్కాన్‌లో అక్కడ ఏమీ లేదు, తీవ్రత మిగతావాటికి కొన్ని రెట్లు. అంత చిన్న వస్తువు విషయంలో స్కానర్ ఎప్పుడూ అసలు కంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి నిజమైన తీవ్రత ఇంకా ఎక్కువే అయ్యుండాలి. మూడు స్కాన్లు పక్కపక్కన పెట్టుకుని చూడటం ఇక్కడ చాలా పనికొచ్చింది. పాత బోన్ స్కాన్ తప్పుదారి పట్టించిందని దాన్ని పారేసి ఉంటే ఈ పోలిక దొరికేది కాదు.

నా రిపోర్టులో కుడి అరికాలి చుక్కను మొదటి అనుమానంగా రాసి, ఆ పాదానికే ఎంఆర్ఐ సూచించాను. ఒళ్లంతా ఎంఆర్ఐ చేస్తే పట్టుకోవడం కష్టమయ్యే వస్తువు, ఎక్కడ చూడాలో తెలిశాక స్పష్టంగా కనిపించింది. సెంటీమీటరు పైచిలుకు ఉంది.

సర్జన్ ముందు సూదితో ముక్క తీద్దామన్నారు. ఎండోక్రైనాలజిస్టు, నేను వద్దన్నాం. ముక్కలో ఏమొచ్చినా, ఏమీ రాకపోయినా దాన్ని తీయాలనే నిర్ణయం మారదు. సూది దారిలో కణాలు చెల్లాచెదురయ్యే ప్రమాదం మాత్రం ఉంటుంది. సిరల్లోంచి విడివిడిగా రక్తం తీసే పరీక్ష గురించి కూడా మాట్లాడుకున్నాం. అనుమానించదగ్గ చోట్లు రెండో మూడో ఉండి తేల్చుకోలేకపోతే అది చేసేవాళ్లం. ఒకటే ఉంది, ఎంఆర్ఐ కూడా అదే చెప్పింది, కాబట్టి వదిలేశాం.

ఆపరేషన్ తర్వాత

చుట్టూ ఆరోగ్యకరమైన కండ కొంత అంచుగా ఉంచి కణితిని మొత్తంగా తీశారు. అంచు విషయంలో సర్జన్‌తో ముందే గట్టిగా మాట్లాడాం, ఎందుకంటే ఇవి అంచుల్లో కొద్దిగా మిగిలినా మళ్లీ వస్తాయి. పాథాలజీలో ఫాస్ఫాట్యూరిక్ మెసెంకైమల్ ట్యూమర్, అంటే ఫాస్ఫేట్ పోగొట్టే ఆ జాతి కణితే, అని తేలింది. క్యాన్సర్ లక్షణాలు లేవు.

ఎఫ్‌జీఎఫ్-23 ఒక రోజులోనే పడిపోయింది. ఫాస్ఫేట్ మందులేవీ లేకుండానే వారంలోపు మామూలు హద్దుల్లోకి వచ్చింది. అయితే ఎముకలు ఇన్నేళ్ల ఆకలి తీర్చుకోవడం మొదలుపెట్టాయి. ఖనిజం ఒక్కసారిగా లోపలికి పోవడంతో రక్తంలో కాల్షియం తగ్గకుండా కొన్నాళ్లు మాత్రలు ఇవ్వాల్సి వచ్చింది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగ్గే ముందు కొంత పెరిగింది కూడా. ముందే చెప్పి ఉంచకపోతే ఆ రిపోర్టు చూసి మళ్లీ కంగారు మొదలయ్యేది. నెలలు గడిచేకొద్దీ నొప్పి తగ్గింది, కర్ర పట్టుకుని నడిచి, తర్వాత దాన్నీ వదిలేశారు.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి కొద్దిగా మారింది. డోటాటేట్ ఫారంలో "ఎందుకు" అన్న గడి ఖాళీగా ఉంటే మందు తయారుచేయకముందే పంపిన డాక్టరుకు ఫోన్ వెళ్తుంది. ఫాస్ఫేట్ తక్కువ అన్న మాట వినిపిస్తే స్కాన్ మాడు నుంచి కాలివేళ్ల దాకా ఉంటుంది. ఇక రిపోర్టులో మొదటి వాక్యం ఏ మందు, ఎంత, శరీరంలో ఎక్కడ నుంచి ఎక్కడి దాకా అన్నదే. "కణితి లేదు" అని విడిగా రాయం, "ఈ మందుతో, ఈ హద్దుల్లో కనిపించలేదు" అని రాస్తాం. చదివే డాక్టర్లలో కొందరికి ఇది తప్పించుకునే భాషలా అనిపిస్తుంది, ఫోన్ చేసి అడుగుతారు కూడా. అడగనివ్వండి. ఆ ఫోన్‌లోనే అసలు సంగతి బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

ఈ పేషెంట్‌కు తర్వాత ఏటేటా స్కాన్ చేయాలా అని అడిగారు. అవసరం లేదన్నాం. కణితి తిరిగొస్తే ముందుగా చెప్పేది రక్తంలోని ఫాస్ఫేటే, దానికి రేడియేషన్ లేదు, ఏ ల్యాబ్‌లోనైనా అవుతుంది. మొదట మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి చూస్తున్నారు. అది తగ్గితే అప్పుడు ఎఫ్‌జీఎఫ్-23, ఆ తర్వాతే డోటాటేట్. అప్పుడు కూడా కాళ్లతోనే మొదలుపెట్టాలని ఫైల్ అట్ట మీదే రాసిపెట్టాం.